ఇరవైమూడో మొక్క

మా ఆయనకి వాసన తెలియదన్న సంగతి పెళ్లయిన ఆరు నెలలకి, ఉల్లిపాయలు మాడిన రోజున బయటపడింది.

ఏప్రిల్ మూడో వారం. పలావు కోసం పెరట్లో పొయ్యి మీద ఉల్లిపాయలు వేసి, "ఒక్క నిమిషం చూస్తుండండి" అని ఆయనకి చెప్పి పాల కోసం వీధిలోకి వెళ్లాను. పక్కింటి ఇనాబత్ మాటల్లోకి దింపింది. మాడు వాసన వీధి దాకా వచ్చేసరికి పరుగెత్తుకొచ్చాను. ఆయన పొయ్యికి నాలుగడుగుల దూరంలో, దానికి వీపు పెట్టి కూర్చుని, నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు.

"బొగ్గయిపోయాయి కదండీ! వాసన కూడా తెలియలేదా?"

ఆయన వెనక్కి తిరిగి మూకుడు చూశారు. తరవాత నన్ను చూశారు. ఏదో అబద్ధం వెతుక్కుంటున్నారని నాకు అర్థమైంది. దొరకలేదు కాబోలు.

"తెలియలేదు హోసియత్. మూడేళ్లయింది. ఏ వాసనా తెలియదు."

కరోనా ఏడాది ఆయనా, ఆయన మొదటి భార్య మునవ్వరూ ఒకే వారంలో మంచం పట్టారు. ఆవిడ పోయింది. ఈయన లేచారు, ముక్కు మాత్రం లేవలేదు. మూడేళ్లుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బజారులో మాంసం కొనేటప్పుడు పక్కవాళ్ల మొహాలు చూసి కొనేవారట. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"సనోబర్‌కి చెప్పకు" అన్నారు. సనోబర్ ఆయన కూతురు. తాష్కెంట్‌లో ఉంటుంది, ఆదివారాలు పిల్లల్ని తీసుకుని మా ఊరు పార్కెంట్ వస్తుంది. "వాళ్లమ్మ తోట చూడ్డానికే వస్తుంది అది. నాన్నకి ముక్కు లేదని తెలిస్తే తోట కూడా పోయిందనుకుంటుంది."

"చెప్పను."

"నీ ముక్కు మంచిది. విరగబోయే పాలని గుమ్మంలోంచే కనిపెడతావు."

"పద్దెనిమిదేళ్లు బాలవాడిలో వంట చేశాను. పిల్లల కడుపులు నా ముక్కు మీదే ఆధారపడ్డాయి."

ఆయన నోటుపుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "అయితే ఈ ఒక్క వసంతం నాకు సాయం చెయ్యి" అన్నారు. ఎర్గష్ మాస్టారు ఒకర్ని సాయం అడగడం ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. నలభై ఏళ్లు బళ్లో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, అడిగించుకోవడమే గాని అడగడం అలవాటు లేదు. సరేనన్నాను.

*

మా పెరట్లో ద్రాక్ష పందిరి దాటితే కాలవ గట్టు దాకా అన్నీ గుల్‌సప్సార్ మొక్కలే. బడి పుస్తకాల్లో ఐరిస్ అని రాసి ఉంటుంది. మా వైపు దాన్ని గోరీల దగ్గర నాటుతారు, నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా బతుకుతుందని. అందుకే ఇనాబత్ గోడ మీంచి తొంగిచూసినప్పుడల్లా, "గోరీల పువ్వు మధ్య కాపురం చేస్తున్నావు, నీ గుండె గట్టిదే" అనేది.

మునవ్వర్ పాతికేళ్లు వాటితో గడిపింది. వాటిలో వాసనున్న కొత్త రకం ఒకటి పుట్టించాలని ఆవిడ పట్టుదల. ముక్కు ఆవిడది, రాత ఈయనది. ఆవిడ వాసన చూసి ఏది తల్లో ఏది తండ్రో ఎంచేది. ఈయన చిన్న పట్టకారుతో పుప్పొడి తీసి రెండో పువ్వుకి అద్ది, దారంతో చీటీ కట్టి, పుస్తకంలో రాసేవారు.

చనిపోయిన ఏడాది మే నెలలో ఆవిడ ఆఖరి జంటని ఎంచింది. తాష్కెంట్ నుంచి తెచ్చిన ఆప్రికాట్ పండు రంగుది తల్లి. అరచేయంత పువ్వు, కర్రలాంటి కాడ, వాసన మాత్రం కాయితం పువ్వుకున్నంతే. తండ్రి ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత నీలి రకం. వంకర కాడ, చిన్న పువ్వు, వాన పడితే చిరిగిన గుడ్డలా వేలాడేది. దాని వాసన గురించి ఆవిడ చెబుతుంటే ఈయన రాసుకున్నది పుస్తకంలో ఉంది: "నల్లద్రాక్ష తొక్క నలిపినట్టు. దాని వెనకాల లవంగం."

జులైలో ఆవిడ పోయింది. ఆగస్టులో కాయలు పగిలాయి. ఈయన ఒక్కరే విత్తులు ఏరి, నాటి, మూడేళ్లు పెంచారు. ముప్ఫై ఏడు మొక్కలయ్యాయి. అవన్నీ మొదటిసారి పూసే వసంతం అది. ఈలోగా జనవరిలో పడిన చలికి పాత నీలి దుంపలన్నీ కుళ్లిపోయాయి. ఆ వాసన ఇంక భూమ్మీద మిగిలుంటే ఆ ముప్ఫై ఏడింటిలోనే మిగలాలి. దొరికితే దాన్నే మళ్లీ తల్లిని చేసి, వచ్చే తరాన్ని దిద్దుకోవచ్చని ఆయన ఆశ.

"రంగు ఎలా ఉన్నా పర్వాలేదు" అన్నారు మొదటి రోజున. "కాడ వంకరైనా ఫర్లేదు. అవి రెండు తరాల్లో బాగుచేసుకోవచ్చు. వాసన ఒకసారి పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"అసలు తల్లేది తండ్రేది ఎలా తేలుస్తారండీ? పువ్వులన్నీ ఒకలాగే ఉన్నాయి కదా?"

"కాయ మోసేది తల్లి. పుప్పొడి ఇచ్చేది తండ్రి. కాడ బలం లేనిదాన్ని తల్లిని చెయ్యకూడదు, కాయ బరువుకి విరుగుతుంది." ఆయన గొంతులోకి బడి వచ్చేసింది. "రంగు సంగతి కంటికి తెలుస్తుంది. వాసన అలా కాదు. రెండూ ఘుమఘుమలాడేవి కలిపినా పిల్లలు ఒట్టివి పుట్టొచ్చు. ఏమీ లేనిదాని కడుపున మంచిది పుట్టొచ్చు. కొన్నిటికి అసలు కాయే పట్టదు, ఎంత చేసినా..."

అక్కడ ఆగి నా మొహం చూశారు. పిల్లలు పుట్టలేదని మొదటి మొగుడు నన్ను మూడేళ్లకే పంపేసిన సంగతి ఆయనకి తెలుసు.

"పువ్వుల మాటే చెబుతున్నాను" అన్నారు.

"నేనూ పువ్వుల మాటే వింటున్నాను" అన్నాను.

రోజూ ఎనిమిది దాటి, మంచు ఆరి, ఎండ కాస్త వెచ్చబడ్డాక వెళ్లేవాళ్లం. వాసన అప్పుడే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి చచ్చిపోతుంది. ఆయన పీట వేసుకుని కూర్చునేవారు. నేను మోకాళ్ల మీద వంగి, కళ్లు మూసుకుని, కింది రేకు మీది పచ్చటి నూగు దగ్గర ముక్కు పెట్టేదాన్ని.

"పన్నెండో నంబరు?"

"తడి సున్నం."

"పదిహేడు?"

"బాలవాడిలో పిల్లలకి పోసే దగ్గుమందు."

ఆయన నవ్వేవారు. ఆ ఇంట్లో ఆయన పైకి నవ్వడం నేను మొదటిసారి విన్నది అక్కడే. నవ్వుతూనే, నా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకునేవారు. "పిల్లల దగ్గుమందు" అని, నంబరు పక్కనే, ఆ పొందికైన అక్షరాలతో. నా నలభై మూడేళ్లలో నా మాట కాయితం మీద పెట్టిన మనిషి ఆయనొక్కరే. అన్న ఇంట్లో పదిహేనేళ్లున్నాను. అక్కడ నా మాట పొయ్యి దాటి వెళ్లేది కాదు. ఇక్కడా పెళ్లయినప్పటి నుంచి అన్నం పెట్టడం, గిన్నెలు తీయడం, రాత్రి గోడ మీద మునవ్వర్ పటం కింద పడుకోవడం, అంతే. ఆయన మంచివారు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అంటే, మాట్లాడనే లేదు.

తోటలో ఆ మొదటి తొమ్మిది పొద్దులూ మాట్లాడారు.

*

మధ్యలో ఒక ఆదివారం సనోబర్ వచ్చింది. కారు దిగి, పిల్లల్ని నా మీదికి వదిలి, చెప్పులతోనే తోటలోకి నడిచింది. నన్ను "అక్కా" అనేది. అమ్మా అని పిలవాలని నేనూ అనుకోలేదు.

"అమ్మ పువ్వులు ఎంతవరకూ వచ్చాయి నాన్నా?"

"పద్నాలుగు విచ్చాయి. ఇంకా దొరకలేదు."

తనూ వంగి నాలుగైదు చూసింది. "లేదు. ఒక్కటీ కాదు. చిన్నప్పుడు ఆ నీలిపువ్వు నా జడలో పెట్టేది అమ్మ. ఎక్కడున్నా పట్టేస్తాను. మీరు జాగ్రత్తగా చూడండి నాన్నా. మీ ముక్కూ అమ్మ ముక్కూ ఒక్కటే."

ఆయన చీటీలు సర్దుకుంటూ ఉండిపోయారు.

టీ పోస్తుంటే నా చేతిలో కప్పులు చూసి, "ఇవి అమ్మ పెళ్లిళ్లకే తీసేది అక్కా" అంది. గొంతులో కోపం లేదు. పాపం, నాకు తెలియదు కదా అన్నట్టు చెప్పింది. "అవి ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తాలెండి." చూపించింది. నేనే తుడిచి పెట్టాను. వెళ్లేముందు తండ్రి చెయ్యి పట్టుకుని, "దొరకగానే ఫోను చెయ్యండి. దానికి అమ్మ పేరే. మునవ్వర్ అని చీటీ నేనే రాస్తాను. తాష్కెంట్‌లో పూల ప్రదర్శనకి నేనే తీసుకెళ్తాను" అంది.

"ఇంకెవరి పేరు పెడతాం" అన్నారాయన.

అవును, ఇంకెవరి పేరు పెడతారు. ఆ మాట నన్ను గుచ్చిందని చెబితే అబద్ధం. అది న్యాయమైన మాట. అన్నీ న్యాయమైన మాటలే ఆ ఇంట్లో.

*

బుధవారం పొద్దున ఇరవైమూడో మొక్క విచ్చింది. చూడ్డానికి బాగాలేదు. ఆప్రికాట్ రంగు మీద నీలం పడి, అడుగు పట్టిన పాయసంలా మసగ్గా ఉంది.

ఆయన ఆ రోజు ఉత్సాహంగా ఉన్నారు. పీట వేస్తూ, "నిన్ను చాలా విసిగిస్తున్నాను కదా" అన్నారు. "దొరకనీ. ఒక్కటి దొరికితే చాలు, నీకు ఈ వాసనల గోల వదిలిపోతుంది. హాయిగా నీ వంట నువ్వు చూసుకో. మిగతాది నేనే చేసుకుంటాను."

ఆయన మంచి కోరే అన్నారు. అది ఇప్పటికీ ఒప్పుకుంటాను.

నేను వంగాను. ముందు నల్లద్రాక్ష. పండి, పగిలి, తొక్క వేళ్లకి అంటుకునే నల్లద్రాక్ష. ఊపిరి వదిలి మళ్లీ పీల్చాను. దాని వెనకాల, ఎక్కడో లోపల, లవంగం. మునవ్వర్ మొహం నేను పటంలోనే చూశాను, గొంతు వినలేదు. ఆ క్షణం ఆవిడ నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నట్టే అయింది. ఎంత బాగా చెప్పింది, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఏమైంది? అంతసేపు చూస్తున్నావు?"

ఈ వాసన పేరు చెబితే రేపు పొద్దున ఆయన పీట వెయ్యరు. అంతే నేననుకున్నది. పెద్ద ఆలోచన ఏమీ చెయ్యలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం, పువ్వు మూడ్రోజులుంటుంది, ఆ కాడకే ఇంకో రెండు మొగ్గలున్నాయి, ఇంకో నాలుగు పొద్దులు గడవనీ అనుకున్నాను.

"ఏమీ లేదండీ" అన్నాను. "వాసన లేదు."

ఆయన పుస్తకంలో ఇరవైమూడు పక్కన సున్నా చుట్టారు.

ఆ సాయంత్రం ఇనాబత్ వాళ్లింట్లో పెళ్లి రొట్టెలు కాల్చడానికి వెళ్లాను. ఆ మర్నాడు పొద్దున తోటలోకి వెళ్లేసరికి వరసలో ఖాళీలు కనిపించాయి. మట్టి అప్పుడే తిరగేసినట్టు నల్లగా ఉంది. ఏడు గుంటలు.

"నిన్న సాయంత్రం పనికిరానివి తీసేశాను" అన్నారాయన, పార కడుగుతూ. "పూత అయ్యాక తీద్దామనుకున్నాను గాని మిగతావాటికి గాలి ఆడటం లేదు."

"ఇరవైమూడు కూడానా?"

"దాన్నే ముందు తీశాను. రంగూ లేదు, వాసనా లేదు. దుంపలు పారతో నాలుగు ముక్కలు చేసి కాలవలో పడేశాను. ఏం?"

అప్పుడు చెప్పాల్సింది. నిన్న నీళ్లలో పడ్డ దుంప ముక్కలు ఇంకా ఏ ముళ్లకో తట్టుకుని ఉండేవేమో, ఇద్దరం పరుగెత్తేవాళ్లమేమో.

"ఏం లేదు" అన్నాను.

ఆయన బజారుకి వెళ్లగానే కాలవ వెంట నడిచాను. కొండ మీది మంచు కరిగే రోజులు, నీళ్లు ఎర్రగా, ఉరవడిగా ఉన్నాయి. దిగువ వీధిలో ఇనుప జల్లెడ దాకా వెళ్లాను. ప్లాస్టిక్ సీసాలు, చిన్నపిల్లల చెప్పు ఒకటి, పోప్లార్ చెట్ల దూది. చెయ్యి పెట్టి భుజం దాకా తడుముతుంటే వెనక నుంచి ఇనాబత్ గొంతు వినిపించింది.

"ఏం పారేసుకున్నావే?"

"గిన్నె జారిపోయింది."

"ఈపాటికి చిర్చిక్ ఏట్లో ఈదుతూ ఉంటుంది. పద, రొట్టెలు మాడిపోతున్నాయి."

*

తరవాత ఆ తోటలో నేను చూసినవన్నీ నిజంగానే చూశాను. ఒక్కోదాని దగ్గర రెండేసి సార్లు, మూడేసి సార్లు. ఇంకొకటి ఉండకపోతుందా, ఒకే కాయలో విత్తులు కదా అని. సబ్బు, ఎండుగడ్డి, తేనె, ఏమీ లేదు, ఏమీ లేదు. ఆయన పుస్తకంలో సున్నాలు పెరిగాయి. పదాలు తగ్గాయి. నేను చమత్కారంగా చెప్పినా ఇప్పుడు నవ్వు రావడం లేదు. మే నడిమికి వచ్చేసరికి పీట వేయడం కూడా మానేసి, నిలబడే అడిగేవారు.

"ఇంకెన్ని?"

"రెండే."

ముప్ఫై ఒకటో మొక్క పూసిన రోజు ఆయన మొహం చూడలేకపోయాను. ముందు రోజు రాత్రి మునవ్వర్ పటం దించి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూశాను. ఆ పువ్వుకి వాసన ఉంది. మంచి వాసనే. నిమ్మతొక్క.

"ద్రాక్ష" అన్నాను.

ఆయన కదల్లేదు. "మళ్లీ చూడు."

"ద్రాక్షేనండీ. నల్లద్రాక్ష."

"లవంగం?"

"కొంచెం."

ఆయన నెమ్మదిగా మట్టిలో కూర్చుండిపోయారు. అరవై ఒక్కేళ్ల మనిషి, బట్టలు చూసుకోకుండా, పువ్వుని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ముక్కు దాకా తెచ్చుకున్నారు. గట్టిగా పీల్చారు. ఏమీ తెలియదని తెలిసీ పీల్చారు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. తరవాత లేచి, పట్టకారు తెచ్చి, దాన్నే తల్లిని చేసి, ఆప్రికాట్ రంగుదాని పుప్పొడి అద్ది, ఎర్రదారం కట్టారు. సనోబర్‌కి ఫోను చేశారు.

ఒక అబద్ధంతో పోగొట్టింది ఇంకో అబద్ధంతో పూడుతుందనుకున్నాను. ఇంకో మూడేళ్లకి ఆ విత్తులు పూస్తాయి, అప్పటి సంగతి అప్పుడు. ఆయనకి ఎలాగూ వాసన తెలియదు. ఇలా అనుకోవడానికి నాకు సిగ్గు వేయలేదు. ఇప్పుడు చెప్పడానికి వేస్తోంది.

సనోబర్ ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడే వచ్చింది. పిల్లలు లేకుండా, దారిలో తనే పెట్రోలు పోసుకుని, ఆ చేతులతోనే దిగి వచ్చింది. ముప్ఫై ఒకటి దగ్గర వంగింది. లేచింది. మళ్లీ వంగింది.

"ఇదా?"

"అదే" అన్నారాయన నవ్వుతూ.

"ఇది నిమ్మకాయ నాన్నా."

"సరిగ్గా చూడమ్మా. ఎండ ఇంకా..."

"నిమ్మకాయ! పసిపిల్లాడైనా చెబుతాడు. మీకేమైంది?"

సనోబర్ ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తరవాత అరచెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"నా చేతికి ఏం వాసన వస్తోంది?"

"సనోబర్..."

"చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించారు. "సబ్బు" అన్నారు.

నాకు నాలుగడుగుల దూరానికే పెట్రోలు కొడుతోంది. సనోబర్ చెయ్యి వెనక్కి తీసుకుని, పైటకొంగులా వేలాడుతున్న శాలువా అంచుతో తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఏడ్చింది. "మూడేళ్ల నుంచీనా? నాకెందుకు చెప్పలేదు? మరి ఇన్నాళ్లూ ఈ మొక్కలు చూసిందెవరు?" అని, సమాధానం అక్కర్లేకుండానే నా వైపు తిరిగింది.

"మీరా? పద్దెనిమిదేళ్లు వంట చేశారట! ద్రాక్షకీ నిమ్మకాయకీ తేడా తెలియదా అక్కా మీకు?"

"ఆవిణ్ణేమీ అనకు" అన్నారాయన. "నేనే అడిగాను. రోజూ మోకాళ్లు అరిగేలా చూసింది. నన్ను చూసి జాలి పడి ఉంటుంది. దొరికితే బాగుండునని అనుకుంటే దొరికినట్టే అనిపిస్తుంది."

దానికంటే ఆయన నన్ను కొట్టినా బాగుండేది.

*

సనోబర్ వెళ్లిపోయాక ఆయన ముప్ఫై ఒకటికి కట్టిన ఎర్రదారం విప్పి జేబులో పెట్టుకున్నారు. ఆఖరి మొక్క ఆ రోజే పూసింది. తనే అడిగారు, నేనే చూశాను. ఏమీ లేదు. పొద్దు వాలుతుంటే ద్రాక్ష పందిరి కింద చెక్కమంచం మీద కూర్చుని పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశారు. నేను టీ తెచ్చిపెట్టాను.

"తప్పు నీది కాదు" అన్నారు. "మునవ్వర్‌దే."

"అదేంటండీ?"

"ఎంపికే తప్పు. పాతికేళ్లు ఆవిడ ఎంచింది నేను రాశాను, ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. ఈ జంట మాత్రం వద్దన్నాను, నీలిదాని వాసన ఈ తల్లికి దిగదన్నాను. దిగుతుంది, నాకు తెలుసు అంది. జ్వరంలో కూడా అదే మాట. ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, వచ్చాక నాకు చెప్పు అంది." ఆయన పుస్తకం మూసేశారు. "ముప్ఫై ఏడింటిలో ఒక్కటీ రాలేదు. ఆవిడకేం తెలియదన్నమాట. ఊరికే అనుకుంది."

ఆ మాట కోసమే నేను ఆ ఇంట్లో ఆరు నెలలు ఎదురుచూశానేమో. మునవ్వర్‌కి తెలియదు అని ఆయన నోటితో అనాలని. విన్నాను. విన్నాక నోట్లో మన్ను పడ్డట్టయింది.

"వచ్చిందండీ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు.

"ఇరవైమూడు. వాసన ఉంది. లేదని చెప్పాను."

పందిరి మీద పిట్టలు గోల చేస్తున్నాయి. ఆయన నా వైపు చూడలేదు. మూసిన పుస్తకం అట్ట వైపు చూస్తూ, బళ్లో పిల్లల్ని అడిగినట్టు అడిగారు.

"ద్రాక్ష ముందు వచ్చిందా, లవంగం ముందు వచ్చిందా?"

"ద్రాక్ష. తరవాత లవంగం."

"ఖాయమేనా?"

"ఖాయమే."

ఆయన తల ఊపారు. ఒకసారి, రెండుసార్లు. "అయితే సరిగ్గానే ఎంచింది" అన్నారు.

ఎందుకు చెప్పలేదని ఆయన అడుగుతారని కూర్చున్నాను. అడిగితే చెబుదామని మాటలు కూడబలుక్కున్నాను. ఆయన అడగలేదు. టీ చల్లారిపోయింది. లేచి పుస్తకం చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, "సనోబర్‌కి చెప్పకు" అన్నారు. "తట్టుకోలేదు." లోపలికి వెళ్లారు.

ఆ తరవాత ఇల్లు మామూలుగానే నడిచింది. ఊళ్లో ఎవరైనా చూస్తే ఏ తేడా కనిపెట్టలేరు. అన్నం పెడితే తిన్నారు. బజారుకి వెళ్తూ ఏం కావాలని అడిగారు. మునవ్వర్ పటం మళ్లీ గోడకి ఎక్కింది. పూత అయిపోయాక మిగిలిన మొక్కలన్నీ తవ్వి, ఆప్రికాట్ రంగుది ఒక్కటి ఉంచి, ఆ మడిలో నాకిష్టమని టమాటా నారు వేశారు. నేను అడగలేదు. నీళ్లు కూడా తనే పెట్టేవారు. మాట మాత్రం ఎంత కావాలో అంతే. సనోబర్ జూన్‌లో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను చెప్పలేదు. రెండోసారి వెళ్తూ, "ఆ రోజు నోరు జారాను, మనసులో పెట్టుకోకండి అక్కా" అని నన్ను కౌగిలించుకుంది.

జూన్ చివర్లో బజారులోకి తొలి ఖర్బూజాలు దిగాయి. పిడికిలి కంటే కాస్త పెద్దవి, పసుపువి. వాటిని రంగు చూసి కొంటే మోసపోతారు, తొడిమ దగ్గర వాసన చూసి కొనాలి. ఆయన ఒకటి తెచ్చి చెక్కమంచం మీద పెట్టి, కత్తి కోసం చూస్తున్నారు. నేను కత్తి తెచ్చిస్తూ, అలవాటు కొద్దీ పండు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చిగడ్డి.

"పండలేదండీ" అన్నాను. "రెండ్రోజులు ఆగి కోద్దాం."

ఆయన నా చేతిలోంచి పండు తీసుకున్నారు. కాసేపు పట్టుకుని నిలబడ్డారు. తరవాత గోడ దగ్గరికి నడిచారు.

"అమ్మా ఇనాబత్! ఒకసారి ఇలా రా."

ఇనాబత్ పిండి చేతులు దులుపుకుంటూ గోడ మీంచి తల పెట్టింది. ఆయన పండు అందించారు.

"నాకు ముక్కు పనిచెయ్యదు" అన్నారు. ఎవరికీ తెలియకూడదని మూడేళ్లు దాచుకున్న మాట, ఎండలో నిలబడి, మామూలుగా అనేశారు. "ఇది పండిందో లేదో కాస్త చూసి చెప్పు."

ఇనాబత్ ఆయన్ని చూసింది. ఆయన వెనక నన్ను చూసింది.

"ఇంట్లో హోసియత్ ఉండగా నన్నడుగుతారేంటి మాస్టారూ?"

ఇనాబత్ ఇంకో క్షణం చూసి, పండు తొడిమ దగ్గర వాసన చూసింది.

"పచ్చిదే. ఇంకో రెండ్రోజులు ఉంచండి."

"సరేనమ్మా" అని ఆయన పండు తీసుకుని, నా పక్కనుంచే నడిచి, లోపలికి వెళ్లి గూట్లో పెట్టారు. నేను చేతిలో కత్తితో ఎండలో నిలబడే ఉన్నాను.